రొయ్యల షెడ్డులో తొమ్మిదో తరగతి

హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషిని కాబట్టి పిల్లల గురించి నాకు అంతా తెలుసని మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ నమ్మకం. నిజానికి నాకు బాగా తెలిసింది వాళ్ళ తల్లిదండ్రుల గురించి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే సాయంత్రం పూట కింద బెంచీ మీద నా పక్కన కూర్చునే వాళ్ళుండరు.

మొన్న వాళ్ళలో ఒకావిడ వచ్చింది. కూతురు ఎనిమిదో తరగతి. స్నేహితురాలింట్లో స్లీపోవరట. అంటే పిల్లలందరూ ఒకరింట్లో చేరి, ఆడుకుని, తిని, రాత్రికి అక్కడే పడుకోవడం. అబ్బాయిలు కూడా వస్తారట. పంపాలా వద్దా అని ఆవిడ సందేహం.

"ఆ ఇంట్లో ఎవరుంటారమ్మా?" అని అడిగాను.

"వాళ్ళ డాడీ పెద్ద బిల్డర్ ఆంటీ. ఇల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ప్రతి బెడ్‌రూములో ఏసీ."

ఎవరుంటారని అడిగితే ఏమేం ఉన్నాయో చెప్పింది. ఆవిణ్ణి ఒక్కదాన్నే తప్పు పట్టి ఏం లాభం? నా సర్వీసంతా ఇదే జవాబు విన్నాను. ఆ సాయంత్రం ఆవిడకు ఒక సంగతి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళూ, కొత్తగా వార్డెన్ ఉద్యోగంలో చేరిన అమ్మాయిలూ చదివితే చాలు. నా ఈడువాళ్ళు చదవనక్కర్లేదు. వాళ్ళకు అన్నీ తెలుసు.

నేను పనిచేసింది నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూలు తాలూకు ఆడపిల్లల హాస్టల్లో. స్కూల్లో ఆడా మగా కలిసే చదువుతారు. ఊళ్ళో పిల్లలు సాయంత్రం ఇళ్ళకు పోతారు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు హాస్టల్లో ఉంటారు. పాలపళ్ళు పూర్తిగా ఊడకముందే ఇంజనీరింగ్ కోచింగ్ మొదలుపెట్టే స్కూలు అది. అంతంత పిల్లలను తెచ్చి, ట్రంకు పెట్టె దించి, "ఇంక మీదే భారం మేడమ్" అని నాకు అప్పజెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. నేనెవరో, నా బుద్ధి ఎలాంటిదో, వంట చేసేదెవరో, గేటు దగ్గర ఉండేదెవరో ఒక్కరూ అడిగేవాళ్ళు కారు. అందరూ తలెత్తి ప్రహరీ గోడ మాత్రం చూసేవాళ్ళు. గోడ నచ్చితే పిల్లను చేర్చేవాళ్ళు. జైలును కూడా ఇంతకంటే జాగ్రత్తగా ఎంచుకుంటారేమో.

ఏళ్ళ తరబడి పరాయి మనుషుల మధ్య పిల్లను వదలడానికి వెనకాడని ఆ పెద్దమనుషులే, ఒక్క రాత్రి స్నేహితురాలింటికి పంపాలంటే ఇంటి పరువు మీద ఉపన్యాసం ఎత్తుకునేవాళ్ళు. వింటుంటే నాకు లోపల నవ్వొచ్చేది. ఆ నవ్వు మొహం మీదికి రాకుండా చూసుకోవడమే వార్డెన్ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. మిగతావన్నీ అలవాటైపోతాయి.

ఆ ఏడాది మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె, వరి పండించుకునే కుటుంబం. మార్కుల్లో మధ్యరకం. అయితే స్కూలంటే ఆ పిల్లకు ప్రాణం. కారణం ఉంది. వాళ్ళక్కకు పదో తరగతి కాగానే చదువు మాన్పించేశారు. తనకూ ఆ గతి పట్టకూడదని ఈ పిల్ల తండ్రి కాళ్ళావేళ్ళా పడి నెల్లూరు వచ్చింది. హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉందని మిగతా పిల్లలు అలిగితే, తను మాత్రం రెండోసారి వడ్డించుకుని తినేది. ఇక్కడి నుంచి పంపేస్తారేమో అన్న భయం ఒక్కటే దానికి. ఏ టీచరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే చాలు, లేచి నిలబడి, "ఏం చేసినాను మేడమ్?" అనేది.

దాని ప్రాణ స్నేహితురాలు ఇంటి నుంచి వచ్చి పోయే పిల్ల. వాళ్ళకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. నెల్లూరులో ఇల్లు, గుంటల పక్కనే ఇంకో మేడ. ఆ పిల్ల తల్లిని మేమంతా రొయ్యలామె అనేవాళ్ళం. మెడలో బరువైన గొలుసు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఆవిడ మాట్లాడితే పక్క వీధి వాళ్ళకు కూడా సంగతి తెలిసిపోయేది. ఒకనాడు నేరుగా హాస్టలుకే వచ్చింది.

"మేడమ్, మా పాప పుట్టినరోజు. శనివారం మద్యాన్నం పిల్లోళ్ళను మా గుంటల కాడికి తీసకపోయి, ఆదివారం సాయంత్రం దించేస్తా. మీ పిల్లను కూడా పంపాల."

"అబ్బాయిలు కూడా వస్తున్నారా?"

"వస్తా ఉండారు. క్లాసులో పక్క బెంచీల్లో కూర్చునేవాళ్ళే గదా మేడమ్. ఆడబిడ్డలు మేడ మీద నాతో. మగపిల్లోళ్ళు కింద మా ఆయనతో. మెట్ల కాడ నేనే మంచమేసుకుంటా. ఇంకా ఏమన్నా అనుమానముంటే ఇప్పుడే అడగండి, తరవాత మనసులో పెట్టుకోబాకండి."

అడగడానికి నాకేమీ మిగలలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లలు ఎక్కడ పడుకుంటారో, వాళ్ళ పక్కన ఎవరు పడుకుంటారో నేను అడగకముందే చెప్పిన మొదటి మనిషి ఆవిడ.

హాస్టల్ పిల్ల బయట రాత్రి ఉండాలంటే తండ్రి ఒప్పుకోవాలి. ఆయనకు ఫోన్ చేశాను. పొలంలో ఉన్నట్టున్నాడు, ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"రొయ్యల గుంటలాయన బిడ్డా? మైపాడు దోవలో పెద్ద బిల్డింగు కట్టినాడే, ఆయనేనా?" అన్నాడు.

"ఆయనే. నేను చెప్పింది విన్నారా? అబ్బాయిలు కూడా ఉంటారు. రాత్రికి అక్కడే పడుకుంటారు."

"ఇన్నాను మేడమ్. అంత పెద్దోళ్ళు పిలిస్తే పంపకపోతే మర్యాదగా ఉంటాదా? పంపించండి. ఆయనకు నా నమస్కారం చెప్పమనండి పాపను."

కూతురి సంగతి అడుగుతారేమో అనుకుని నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను. ఆయన పెట్టేశాడు.

మిగతా తల్లిదండ్రులు ఏం తక్కువ తినలేదు. కాలేజీలో పాఠాలు చెప్పే తల్లి ఒకావిడ, ఇలాంటివి బెంగళూరులో మామూలేనని, పిల్లలకు ఎక్స్‌పోజర్ ఉండాలని, వద్దనేవాళ్ళది పాతకాలపు బుద్ధి అని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పేజీలకు పేజీలు రాసింది. ఎక్స్‌పోజర్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. బట్టల కొట్టాయన ఇంకొకాయన ఉన్నాడు. ఆయనకు కవల పిల్లలు, ఆడపిల్లా మగపిల్లాడూ ఒకే క్లాసు. ఆయన కూతుర్ని పంపనని భీష్మించుకుని, కొడుకుని పంపాడు. ఆడా మగా ఒకేచోట రాత్రి ఉండటం ప్రమాదమని ఆయన వాదన. ఆ ప్రమాదంలో సగం తన ఇంటి నుంచే వెళుతోందని ఆయనకు తట్టినట్టు లేదు.

శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళారు. ఆదివారం పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ మోగడం మొదలైంది. ఇక ఆగలేదు.

ఒక ఫోటో. రేకుల షెడ్డు. మేత గోతాల మీద, ఐసు పెట్టెల మధ్య, మా తొమ్మిదో తరగతి పిల్లలు అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. ఒంటినిండా బురద. మా హాస్టల్ పిల్ల ఒక గోతాం మీద తల పెట్టుకుని ఉంది. ఆ గోతానికి అవతలి వైపు కవలల్లో మగపిల్లవాడి కాళ్ళు. కింద ఎవరో "మా కొత్త కూలీలు" అని రాసి నవ్వు బొమ్మలు పెట్టారు. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే టెక్నీషియన్ కుర్రాడు ముచ్చటపడి స్టేటస్‌లో పెట్టుకున్నాడట. అక్కడి నుంచి అది తల్లిదండ్రుల గ్రూపులోకి దూకింది.

ఆ గ్రూపులో ఆ పొద్దున చదివినవి నేను ఇక్కడ రాయను. అంత చదువుకున్నవాళ్ళకు అన్ని పాడు మాటలు ఎలా తెలిశాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఫోటోలో ఉన్నది అలిసిపోయి పడుకున్న పిల్లలు. చూసేవాళ్ళ బుర్రల్లో ఉన్నది వేరు. ఎక్స్‌పోజర్ గురించి రాసిన తల్లి తన పాత మెసేజులన్నీ చెరిపేసి, పిల్లల మనసులు గాయపడ్డాయని కొత్తగా రాసింది. బట్టల కొట్టాయన అయితే అసలు ఆడపిల్లల్ని ఎందుకు పిలిచారని, తన కొడుక్కి చెడ్డపేరు తెచ్చారని మండిపడ్డాడు. ఏం జరిగిందమ్మా అని రొయ్యలామెను ఫోన్ చేసి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను చేశాను. ఆవిడ ఎత్తలేదు. ఇంకాసేపటికి తనే కారులో పిల్లను తీసుకుని హాస్టలుకు వచ్చింది. ఇద్దరి దగ్గరా నీచు వాసన గుప్పుమంటోంది. పిల్ల మాత్రం కళ్ళింత చేసుకుని నవ్వుతోంది. దానికి ఇంకా ఏమీ తెలియదు.

పిల్లను స్నానానికి పంపి, రొయ్యలామెను కూర్చోబెట్టాను. ఆవిడ కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"కేకు కోసినాం మేడమ్. అప్పుడే మా టెక్నీషియను పరిగెత్తుకుంటా వచ్చినాడు. పెద్ద గుంటలో రొయ్య అంచులకొచ్చి తేలతా ఉండాది, తెల్లమచ్చ తెగులు తగిలినట్టుండాది, ఇప్పుడే పట్టెయ్యాలన్నాడు. తెల్లారేదాకా ఆగితే గుంటంతా పోతాది. మా ఆయన వలలోళ్ళ కోసం పోయినాడు. ఐసు బండి కాడ, కాటా కాడ నేను ఉండక తప్పదు. మరి ఈ పిల్లోళ్ళను ఏం చేసేది? ఇంట్లో పెద్దోళ్ళు లేకుండా ఆడా మగా పిల్లోళ్ళను ఒదిలేసి పోతానా? మీకు మాటిచ్చుండా గదా. అందర్నీ గట్టు మీదికి తోలకపోయినా. నా కళ్ళ ముందర ఉంటారని."

"పని కూడా చేశారా?"

"నేను చెయ్యమన్లా మేడమ్. ఒక చోట కూర్చోమంటే కూర్చుంటారా ఆ వయసోళ్ళు? ఒకడు ఐసు పగలగొడతానన్నాడు. మీ పిల్ల ట్రేలు మోసింది. నా బిడ్డ ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు తియ్యదు, రొయ్యల్లోంచి పీతలు ఏరింది! ఆ కవల పిల్లోడుండాడే, వాళ్ళ నాయనకు తెలిస్తే గుండాగిపోతాది, వలలోళ్ళతో పాటు నీళ్ళలోకి దిగినాడు. పనంతా అయినాక షెడ్డులో గోతాల మీద పడి నిద్రపోయినారు. లేపబుద్ధి కాలా. వాళ్ళ కాళ్ళ కాడే కుర్చీ ఏసుకొని కూర్చోనుండా. రెప్ప వాల్చలే మేడమ్, నా బిడ్డ మీద ఒట్టు."

ఫోటో మళ్ళీ తీసి చూశాను. ఆ కుర్చీ అందులో లేదు. ఫోటో తీసిన కుర్రాడికి కుర్చీలో కూర్చున్న నడివయసు ఆడమనిషి తమాషాగా కనిపించి ఉండదు.

నా అభిప్రాయం అడిగేవాళ్ళుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పదమూడు, పద్నాలుగేళ్ళ ఆడపిల్లల్ని, మగపిల్లల్ని కలిపి ఒక రాత్రి ఎవరింట్లోనైనా ఉంచాలంటే నేనూ జంకుతాను. ఆ వయసు పిల్లలకు తెలివి ఉంటుంది, తెలివికి మించిన ఉత్సాహం ఉంటుంది. కళ్ళు తెరుచుకుని కూర్చునే పెద్దమనిషి లేని ఇంటికి నా మనవరాలిని పంపను. అలాంటి హాస్టలుకు కూడా పంపను. అలాంటి పెళ్ళికీ, పిక్నిక్‌కీ, మేనమామ ఇంటికీ కూడా పంపను. నాకున్న గీటురాయి అదొక్కటే. తక్కినవాళ్ళకు రకరకాలవి ఉన్నాయి. బిల్డింగు పెద్దదా, పిలిచినవాడు పెద్దమనిషా, నలుగురూ ఏమనుకుంటారు, మన పిల్ల పేరు బయటికి వస్తుందా. వీటిలో పిల్ల గురించిన ప్రశ్న ఎక్కడుందో వెతికి చూడండి.

సోమవారం పొద్దున ప్రిన్సిపాల్ గదిలో పంచాయతీ పెట్టారు. ప్రిన్సిపాల్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన ఎప్పుడూ టై కట్టుకునేవాడు. ఎండాకాలం నెల్లూరులో టై కట్టుకునే మనిషి ధైర్యవంతుడని కొత్తలో అనుకున్నాను. అది తప్ప ఆయనలో వేరే ధైర్యమేదీ నాకు కనబడలేదు.

ఎవరో ఒకరి మీద చర్య తీసుకోకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు. ఊళ్ళో పిల్లల మీద తీసుకుంటే వాళ్ళ తండ్రులు ఊరుకోరు. రొయ్యల ఆసామి స్కూలుకు కంప్యూటర్ల గది కట్టించిన మనిషి. ఇలా ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ పోతే చివరికి ఒక్కతే మిగిలింది. హాస్టల్ నియమాలు మీరిందని మా పిల్లకు టీసీ ఇచ్చి పంపేయాలని తేల్చేశారు. ఏ నియమం మీరిందో నేను అడిగాను. "డిసిప్లిన్ మేడమ్" అన్నాడాయన. ఇంకేం చెప్పలేదు.

తండ్రి భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. కూతురు గోడకు ఆనుకుని ఉంది. తలుపు పక్కన రొయ్యలామె. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది.

"మీరు పర్మిషన్ ఇచ్చారా?" అని ప్రిన్సిపాల్ అడిగాడు.

"పుట్టినరోజంటే పంపినా సార్. మగపిల్లోళ్ళు ఉంటారని మేడమ్ నాకు చెప్పలా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు తెరిచేలోపే ఆయన కూతురి వైపు తిరిగాడు.

"పెట్టె సర్దుకో. చదివింది చాల్లే. మీ యక్క మాదిరి ఇంట్లో ఉందువుగానీ."

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. దేనికి భయపడి అన్నాళ్ళూ ఒదిగి ఒదిగి బతికిందో అదే వచ్చి ఎదురుగా నిలబడింది.

రొయ్యలామె ఊరుకోలేదు. "ఏందన్నా ఆ మాట! బిడ్డ ఏం చేసిందని? నేను పక్కనే కూర్చోనుండా. తప్పంటే నన్నను, పనిలోకి తోలకపోయిందని నన్ను తిట్టు" అంది.

ప్రిన్సిపాల్ చెయ్యెత్తాడు. "అమ్మా, మీ ఇంటి సంగతి మాకొద్దు. ఇక్కడ పేరెంట్స్ మమ్మల్ని నమ్మి పిల్లల్ని వదిలారు. అమ్మాయిల సేఫ్టీ విషయంలో మేం రాజీ పడం."

అప్పుడు ఆ పిల్ల నవ్వింది. ఏడవబోయి నవ్విందో, నవ్వబోయి ఏడ్చిందో నాకు అర్థం కాలేదు.

"సేఫ్టీనా సార్? మెస్సు సూపర్‌వైజరు మేడమ్ లేనప్పుడల్లా మేం స్నానాలకు పోయేటప్పుడు మోటారు చూడాలని యనక వరండాలోకి వచ్చి నిలబడతాడు. పొమ్మన్నా పోడు. దోవకు అడ్డంగా నిలబడి నవ్వతాడు. మేం తువ్వాళ్ళు చుట్టుకోని పరిగెత్తతాం." అని తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నీకు రెండుసార్లు ఫోన్లో చెప్పినా గదా. సర్దుకోమన్నావు. ఆ గుంట కాడ మగపిల్లోళ్ళు ఉండారు, చీకటి ఉండాది, ఆంటీ మేలుకోని ఉండాది. నాకు ఆడ భయం కాలా నాన్నా. ఈడ అవతాది."

ప్రిన్సిపాల్ టై సవరించుకున్నాడు.

"అది వేరే విషయం. దాని గురించి తర్వాత విడిగా మాట్లాడుకుందాం. ఇవాళ్టి విషయం స్లీపోవర్."

ఈ మాట ఆయన నిజంగానే అన్నాడు. ఎన్నో మీటింగుల్లో ఎంతో చెత్త విన్న దాన్ని, ఇంతటి మాట మళ్ళీ వినలేదు. ఆడపిల్ల నోరు తెరిచి నాకు ఇక్కడ భయమేస్తోందని చెబితే, ఎజెండాలో లేదన్నాడు.

తండ్రి నా వైపు తిరిగాడు. ఆ రోజు మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"నిజమేనా మేడమ్?"

నిజమే. పిల్లలు నాకు చెప్పిన రోజే వెళ్ళి ప్రిన్సిపాల్‌తో చెప్పాను. ఆ సూపర్‌వైజరు చైర్మన్ గారి బావమరిదని, కాస్త చూసీ చూడనట్టు పోవాలని అన్నాడు. మళ్ళీ చెబితే, బయటికి పొక్కితే ఆడపిల్లలకే నష్టమన్నాడు. అప్పటి నుంచి పొద్దున పూట వెనక వరండాలో నేనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. నేను సెలవు పెట్టిన రోజున, వంటింటికి పిలిపించిన రోజున అతను మళ్ళీ హాజరు. రిటైర్మెంట్ దగ్గర పడుతున్న ఉద్యోగం. నా వెనక మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ పిల్ల నిలబడి చెప్పాక ఆలోచించడానికి ఏముంది?

"నిజమే. సార్‌కు రెండుసార్లు చెప్పాను. సార్ చెవిన పెట్టలేదు. ఇంకో మాట కూడా నిజం. అబ్బాయిలు ఉంటారని మీకు ఫోన్లో రెండుసార్లు చెప్పాను. మీరు నమస్కారం చెప్పమన్నారు."

ఆయన తల దించుకున్నాడు. నా పదవీ విరమణ సభ ఆ గదిలోనే అయిపోయింది. శాలువా లేదు, పూలదండ లేదు, నా సేవలను కొనియాడిన వక్తలు లేరు. ప్రిన్సిపాల్ ఒక్కడే మాట్లాడాడు, రేపటి నుంచి రానక్కర్లేదని, అదీ క్లుప్తంగా. అన్ని వీడ్కోలు సభలూ అంత త్వరగా అయిపోతే ఎంత బాగుంటుంది!

రొయ్యలామె నన్ను కారెక్కించుకుని నేరుగా పోలీస్ స్టేషనుకు తీసుకుపోయింది. అక్కడున్న మహిళా ఎస్సై మంచి మనిషి, విసుక్కోకుండా విన్నది, హాస్టలుకు వచ్చి పిల్లలతో విడిగా మాట్లాడింది. ఒకతి చెప్పాక ఇంకొకతి చెప్పింది. కేసు నడిచింది. స్టేషనులో తెలిసేలోపే ఆ సూపర్‌వైజరు సెలవు మీద ఊరెళ్ళిపోయాడని స్కూలు వాళ్ళు చెప్పారు గానీ, పోలీసులకు ఆ ఊరు దొరకకపోలేదు.

ఇక తల్లిదండ్రుల గ్రూపు. షెడ్డు ఫోటో మీద రోజంతా తిండి మానేసి మరీ రాసినవాళ్ళు, సూపర్‌వైజరు సంగతి బయటపడ్డాక ఒక్క ముక్క రాయలేదు. హాస్టల్లో కూతుళ్ళున్నవాళ్ళు కూడా. మర్నాడు పొద్దున బట్టల కొట్టాయన గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పెట్టాడు. దాని కింద అందరూ చేతులు జోడించారు.

పిల్లను ఆ స్కూల్లో ఉంచే ప్రసక్తి ఇక లేదు. నేను రొయ్యలామె ఇంటికి రమ్మంటే తండ్రి వచ్చాడు. వచ్చాడు గానీ కాఫీ గ్లాసు ముట్టుకోలేదు.

"అన్నా, పాపను మా ఇంట్లో ఉంచు" అంది రొయ్యలామె. "నా బిడ్డను కూడా ఆ స్కూలు మాన్పించేస్తా ఉండా. ఇద్దరూ ఒకే బడికి పోతారు, ఒకే గదిలో పడుకుంటారు. నేనుండా గదా చూసుకునేదానికి."

ఆయన చాలాసేపు తువ్వాలు మడతలు పెట్టాడు.

"మీ మాట తీసేయలేనమ్మా. కానీ మీ ఇంట్లో మగపిల్లోడు ఉండాడు గదా. రేపు నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ మగపిల్లవాడు అప్పుడు నేల మీద బోర్లా పడుకుని ఏనుగుకు రంగులు వేస్తున్నాడు. రెండో తరగతి. ముందు పళ్ళు రెండూ లేవు. రొయ్యలామె వాడి వైపు చూసింది, నా వైపు చూసింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంత నోరున్న మనిషికి మాట పడిపోవడం నేను అదొక్కసారే చూశాను. నాకైతే ఆ మనిషిని భుజాలు పట్టి కుదిపేయాలనిపించింది. కూతురి మాటలు విని వారం కాలేదు. మళ్ళీ నలుగురి దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. ఆ నలుగురూ ఎవరో, ఎక్కడుంటారో, పిల్లకు ఏదైనా అయితే వాళ్ళలో ఎవరు పరిగెత్తుకుని వస్తారో నాకు ఈ వయసుకు కూడా తెలియలేదు.

చదువు మాన్పిస్తానన్న మాట మాత్రం ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు ఆ పిల్ల. ఇంట్లో వాళ్ళమ్మ, అక్క కూడా దాని వైపు నిలబడ్డారని తర్వాత తెలిసింది. ఆయన వెతికి వెతికి ఇంకో హాస్టల్లో చేర్చాడు. నాతో మాట మాత్రం చెప్పలేదు. ఈ లోకమూ మారదు, ఈ మనుషులూ మారరు అనుకున్నాను. తిట్టుకుని ఊరుకున్నాను.

కొన్నాళ్ళకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ పిల్లే. కొత్త హాస్టల్ ఆఫీసు ఫోను. పప్పు ఇక్కడ కూడా నీళ్ళలాగే ఉందని, లెక్కల మేడమ్ బాగా చెబుతుందని, స్నేహితురాలు వారానికొకసారి చూడటానికి వస్తోందని గబగబా చెప్పింది. నేను ఏదో అడగబోతుంటే తనే అంది.

"మేడమ్, నాన్న అడిగినాడు."

"ఏమని?"

"ఈడ ఎవురివల్లన్నా భయంగా ఉండాదా అని. నా మొకం చూళ్ళేదు మేడమ్, కిటికీ చూస్తా అడిగినాడు."

"నువ్వేం చెప్పావు?"

"ఇప్పటికి లేదని చెప్పినా. వచ్చినప్పుడల్లా అడగమన్నా."

నాకు నమ్మకం కలగలేదు. అలవాటైన విసురుతోనే అన్నాను. "ఆ ఒక్కసారి అడిగి ఉంటాడులే. మళ్ళీ అడుగుతాడా?"

"నిన్న వచ్చినాడు మేడమ్. చేతిలో సంచి ఇంకా కింద పెట్టలా, గేటు కాడే అడిగినాడు."